తల్లి మాట

ఆమదాలవలస స్టేషన్లో మైకు చెప్పేదంతా మా వీధి గుంటడికి నోటికొచ్చు. బోర్డు మీద దాని పేరు శ్రీకాకుళం రోడ్డు, మా వాళ్ళకి మాత్రం ఆమదాలవలసే. తండ్రిని హైదరాబాదు బండెక్కించడానికి వెళ్ళినప్పుడు విన్నాడంతే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఆ ఆడమనిషి గొంతుతోనే దింపుతాడు, ముందు మోగే గంటతో సహా. ఆపైన విశాఖ వైపు ఊళ్ళు అందుకుంటాడు: దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం. వరస తప్పడు.

ఒకటో తారీకున పింఛను పట్టుకొచ్చే సచివాలయం కుర్రాడు కూడా వాడి గొంతులో ఉన్నాడు. “వేలెట్టమ్మా. పడలేదు. తడి తుడిచి మళ్ళీ ఎట్టు. ఆఁ, అయిపోనాది.” ఉల్లిపాయల ఆటో మైకు, సబ్బు ప్రకటన, రామమందిరంలో హారతి తర్వాత పూజారి దగ్గే దగ్గు, అన్నీ ఉన్నాయి. వాటిని ఎప్పుడంటే అప్పుడు అనడు. దేనికో ఒకదానికి ముడిపెట్టుకుని అంటాడు. పెరట్లో ఎవరైనా తడిచెయ్యి కొంగుకి తుడుచుకున్నారో, పింఛను కుర్రాడు వచ్చేస్తాడు.

పేరడిగితే మాత్రం చెప్పడు. పిలిస్తే తిరిగి చూడడు. తొమ్మిదేళ్ళొచ్చాయి. దాహమేస్తే “మంచినీళ్ళు తాగుతావా బంగారం?” అని మనల్నే అడుగుతాడు. అది పొందూరులో ఇలాంటి పిల్లల కోసం పెట్టిన భవిత సెంటర్లో టీచరమ్మ అడిగే మాట. మనం “వద్దురా” అన్నామా, ఇల్లెగరగొట్టేస్తాడు. దాహం తనది మరి.

“సూసినావా మాస్టారూ” అనేది వాళ్ళ నాయనమ్మ, అరుగు మీద ఏకులు సర్దుకుంటూ. “ఊరందరి మాటలూ దింపుతాడు. కన్నతల్లి మాట ఒక్కటంటే ఒక్కటి అన్నాడేటి ఇన్నాళ్ళలో? అది ఆడితే కదా ఈడు అనడానికి! నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయని దాని బయం. తల్లి మాటాడకపోతే గుంటలకి మాటెలాగొస్తాదీ?”

కోడలు పిల్ల లోపల ఉండేది. వినేది. రాట్నం చప్పుడు మాత్రం ఆగేది కాదు.

ఈ సిద్ధాంతం ముసలమ్మ సొంతంగా కనిపెట్టిందే. కానీ ఇదే మాట చెప్పి అమెరికాలో పెద్దపేరు తెచ్చుకున్నవాళ్ళున్నారు. 1943లో లియో కానర్ అనే డాక్టరు ఇలాంటి పదకొండుమంది పిల్లల మీద వ్యాసం రాస్తూ ఆటిజం అనే పేరు ఖాయం చేశాడు. పిల్లల్ని అంత శ్రద్ధగా చూసినవాడే, తల్లిదండ్రుల్లో వెచ్చదనం తక్కువని కూడా రాశాడు. ఆ మాట పట్టుకుని షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఏకంగా ఓ పుస్తకమే వేశాడు, లోపమంతా తల్లి ప్రేమలో ఉందని. అప్పటికి మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు అది మెదడు ఎదుగుదలకి సంబంధించిన సంగతిగానీ తల్లి తప్పు కాదని రాసి ఉన్నాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. బెటల్‌హైమ్ మాట అక్కడ ఎప్పుడో కొట్టుడుపోయింది. మా అరుగు మీద ఇంకా చెల్లుతోంది.

కోడలు పిల్ల రోజు ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు. మా రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ.

తెల్లారకుండా లేస్తుంది. గుంటణ్ణి పేరుపెట్టి లేపడం నేనెప్పుడూ వినలేదు. స్టీలు గ్లాసు మెట్టు మీద రెండుసార్లు ఆనిస్తుంది. టక్కు టక్కు. వాడు లేచి కూర్చుంటాడు. ఒకసారే ఆనిస్తే లేవడు, మూడుసార్లయితే చెవులు మూసుకుంటాడు. చెంబు నీళ్ళు ముందు ఎడం భుజం మీద పడాలి. పేస్టు నురగ పడదు, ఉప్పుతోనే పళ్ళు. కొన్న చొక్కా తొడిగితే మెడ దగ్గర అట్టముక్క గుచ్చుకుంటుందని పీలికలు చేసేస్తాడు. అందుకని వాళ్ళ తాత కట్టి కట్టి మెత్తబడిన పొందూరు ఖద్దరు పంచెలు కోసి, కుట్లు పైకొచ్చేలాగ తిరగేసి చొక్కాలు కుట్టింది. చూసినవాళ్ళు “బాబుకి చొక్కా తిరగేసి తొడిగినావే” అంటారు. ఎవరికీ బదులు చెప్పదు.

తిండి తెల్లగా ఉండాలి. ఇడ్లీ, పెరుగన్నం, సేమ్యా. ఇంట్లో మిగతావాళ్ళంతా చోడంబలి తాగుతుంటే వాడి వీపు అటు తిరిగి ఉండాలి, ఆ రంగు కంట పడకూడదు. అంచు సొట్టపడిన కంచం ఒకటుంది. అది కడిగి ఆరకపోతే ఆ పూట అన్నం లేదు. ముసలమ్మ ఒకసారి ఆ కంచాన్ని స్టీలుసామాన్ల వాడికి వేసి కొత్త గిన్నె పుచ్చుకుంది. కోడలు పిల్ల మూడూళ్ళు తిరిగి ఆ సామాన్ల వాణ్ణి పట్టుకుని, కంచం వెనక్కి కొనుక్కొచ్చింది. అత్తని ఒక్క మాటనలేదు. ఆ నోరు లేనితనమే ముసలమ్మకి ఇంకా మంట.

వంటయ్యాక రాట్నం. పొందూరు నూలు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పాలి. కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళకి చిక్కి చెత్తా నలుసూ పోతే, మిగిలిన దూదిని ఏకులు చేసి వడుకుతారు. సన్ననూలు ఊరికే రాదు, కన్ను పక్కకి పోతే తెగుతుంది. ఆమె కళ్ళు నూలు మీద, కుడికాలి బొటనవేలు గుంటడి చొక్కా అంచు మీద. వాడు లేస్తే కాలికి తెలుస్తుంది. వాడు దవడ ఎముకలన్నీ పెద్దది ముందు, చిన్నది వెనక పేర్చి, చక్రం తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటాడు. చక్రం ఆగితే ఏడుపు. ఆమెకి నీరసమొచ్చినా చక్రం తిరగాల్సిందే, నూలు లేకపోయినా వట్టి చక్రమైనా. చిలపల లెక్కన కూలి వచ్చే పనిలో ఆ వట్టి తిప్పుడుకి కూలి ఎవరూ కట్టరు.

ఒకసారి అడిగాను. “ఏం అమ్మాయీ, గుంటడితో ఓ మాటా మంతీ ఆడవేం? పెద్దావిడ నోరు ఊరుకోదు కదా.”

“మాటలెక్కువైతే ఆడికి సెవుల్లో పోటు మాస్టారూ. సేత్తో సెప్తే ఇంటాడు.”

భవిత టీచరమ్మ రెండేళ్ళు శిక్షణ తీసుకుని నేర్చుకున్న సంగతిది. ఈమె గ్లాసుతో, కాలివేలుతో నేర్చుకుంది. టీచరమ్మే అంది నాతో.

ఆ సెంటర్‌కి ఆటోలో తీసుకెళ్తుంది. ఎడమపక్క సీటు, చెరువు గట్టు దారి. ఒకనాడు గట్టు మీద కంకర పోశారని డ్రైవరు ఊళ్ళోంచి తిప్పాడు. గుంటడు ఆటోలోంచి దూకి రోడ్డు మీద పడి తల కొట్టుకోవడం మొదలెట్టాడు. ఆమె కూడా మట్టిలో చతికిలబడి, వాణ్ణి వెనకనుంచి రెండుచేతుల్తో గట్టిగా అదిమి పట్టుకుంది. చుట్టూ జనం. దిష్టి అన్నారొకరు, గాలి సోకిందన్నారొకరు, ఫలానా ఊళ్ళో తాయెత్తు కడతారన్నారు. రెండు తగిలిస్తే దారికొస్తాడని ఓ పెద్దమనిషి కర్ర కూడా తెచ్చాడు. ఆమె చెయ్యి వదల్లేదు, నోరు విప్పలేదు. వాడు తేరుకున్నాక లేచి, చీర దులుపుకుని, వెనక్కి నడిచి, కంకర మీంచి గట్టు దారినే తీసుకెళ్ళింది.

తండ్రి హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాచ్‌మన్. రాత్రి ఎనిమిదికి వీడియో కాల్. గుంటడు తండ్రి మొహం చూడడు, ఎర్ర బటను చూస్తాడు. నొక్కేస్తాడు. ఆయన మళ్ళీ చేస్తాడు. వాడు మళ్ళీ నొక్కుతాడు. “ఆడుకుంటన్నాడు” అని ఆయన సంతోషపడతాడు. అలా అనుకోనివ్వడమే మంచిదని ఆమె ఊరుకుంటుంది.

తొమ్మిదింటికి దీపం ఆర్పుతుంది. గోడకి పైడితల్లి అమ్మవారి క్యాలెండరు. ఆమె కన్నోరిల్లు విజయనగరం పక్కన, సిరిమాను పండగ చూస్తూ పెరిగిన మనిషి. స్విచ్చి ‘టక్’మన్నాక, ఆ చీకట్లో గుంటడి పక్కన పడుకుని అమ్మవారికి ఏదో విన్నవించుకుంటుంది. గోడ ఇవతలికి మాటలు తెలియవు, గొణుగుడు మాత్రం వినిపిస్తుంది. రోజు మొత్తం మీద వాడి చెవి దగ్గర ఆమె ఆడే మాటలంటే అవే. కొడుక్కి మాట ఇమ్మని మొక్కుకుంటోందని మేమంతా అనుకునేవాళ్ళం. ఆ మొక్కేదో తీరితే తానే పసుపు కుంకం పట్టుకెళ్తానని ముసలమ్మ కూడా అనేది.

2025లో వికలాంగ పింఛన్ల సర్టిఫికెట్లు మళ్ళీ పరీక్షిస్తామని నోటీసులొచ్చాయి. నలభై శాతం కన్నా తక్కువ తేలితే పింఛను పోతుంది. 2024లో మూడువేల నుంచి ఆరువేలైన పింఛనది. భవిత సెంటర్ ఆటో, రోజూ పెరుగు, నిద్రమందు, అన్నీ దాని మీదే. వాడి పాత సదరం సర్టిఫికెట్లో ‘బుద్ధిమాంద్యం’ అని ఉంది. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే, అందులో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం వాటిని ఇరవై ఒకటి చేసి ఆటిజాన్నీ చేర్చింది. వాడి కాగితం రాసింది ఆ కొత్త చట్టం వచ్చాకే, అయినా పాత అలవాటున పడింది. ఈసారి ఆటిజం పరీక్ష అడగమని టీచరమ్మ చెప్పింది. కాగితాలు చదివిపెట్టడానికి తోడు రమ్మని నన్నడిగారు.

కోడలు పిల్ల వారం ముందునుంచే తయారీ మొదలెట్టింది. నేనేదో పనిమీద శ్రీకాకుళం వెళ్తుంటే, పరీక్ష జరిగే ఆస్పత్రి గేటు, మెట్లు, బల్లలు ఫోటోలు తీసుకురమ్మంది. రోజూ అన్నం ముందు ఆ ఫోటోలు వరసగా చూపించేది. అందుకే ఆనాడు చిలకపాలెం దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళి గేటు దాటుతుంటే, గుంటడు పాత చుట్టపింటికి వచ్చినట్టే లోపలికి నడిచాడు. ఎర్రబల్ల కనబడలేదని కాస్త వెతుక్కున్నాడంతే.

వరసలో తల్లులే ఎక్కువ. తండ్రులు ఇద్దరో ముగ్గురో. పలాస నుంచి వచ్చినావిడ వేళ్ళు జీడిపిక్కల రసానికి నల్లబడి ఉన్నాయి. కవిటి వైపు నుంచి వచ్చినావిడ మొగుడు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నాడట. మా కోడలు పిల్లతో కలిపి ముగ్గురూ ఒకరి పేరొకరు అడగలేదు. సరాసరి పనిలోకి దిగిపోయారు. గోళ్ళు నిద్రలో తియ్యాలి, మంగలి మిషను వద్దు కత్తెరే మేలు, మాత్రని ఇడ్లీ మధ్యలో పెడితే కనిపెట్టేస్తాడు గానీ అరటిపండులో పెడితే మింగేస్తాడు. మా కోడలు పిల్ల అన్ని మాటలాడటం నేనదే చూడటం. ముసలమ్మ కూడా విడ్డూరంగా చూసింది.

ఆ ఉత్సాహంలో నేనూ నాకు తెలిసింది చెప్పాను. పద్దెనిమిది నిండాక కూడా ఇలాంటి పిల్లలకి చట్టప్రకారం సంరక్షకుల్ని పెట్టుకోవచ్చని, 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఉందని, ఆ సంరక్షకుల్ని నియమించే జిల్లా కమిటీకి కలెక్టరుగారే పెద్ద అని.

“నానున్నాను కదా” అంది కోడలు పిల్ల. కాసేపాగి, “మరి ఆ తరవాతో?” అంది.

“అదే చెప్తున్నా. పద్దెనిమిది తరవాత దరఖాస్తు పెట్టుకోవాలి” అన్నాను.

ఆమె తలూపి ఊరుకుంది.

సైకాలజిస్టు కుర్రాడే గానీ మంచివాడు. గుంటడు బల్ల కిందకి దూరితే దూరనిచ్చాడు. ముందున్న ఫారం సికింద్రాబాదులోని జాతీయ సంస్థ తయారుచేసినది, మన దేశపు పిల్లల కోసం. నలభై ప్రశ్నలు. ఒక్కోదానికి ఐదు గడులు: అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎక్కువగా, ఎప్పుడూ. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. మార్కులు పెరిగితే పింఛను నిలుస్తుందన్నమాట. పిల్లలకి మార్కులెక్కువ రావాలని తల్లులు కోరుకునే పరీక్షే ఇదీనూ.

కళ్ళలోకి చూస్తాడా, తోటిపిల్లలతో ఆడతాడా, అలవాటు మారితే గోల చేస్తాడా. బదులన్నీ ముసలమ్మే చెప్తోంది. ఆయన ఓపిగ్గా విని, ప్రతిసారీ తల్లివైపు చూసి, ఆమె తలూపాకే టిక్కు పెడుతున్నాడు. అలా మాటల విభాగానికి వచ్చారు.

“విన్న మాటే తిరిగి అంటూంటాడా?”

ముసలమ్మ ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టుంది. “ఎవరివి అనడు బాబూ! రైలు, ఉల్లిపాయలు, పంతులుగారు, అందరివీ అంటాడు. ఇదిగో, ఈ మనిషి మాట ఒక్కటే అనడు. ఎందుకంటావా? ఇది కొడుకుతో మాటాడదు. రాయండి బాబూ, రాయండి. తల్లి మాటాడదు, అందుకే గుంటడు ఇలాగైపోనాడు.”

“తల్లి మాట్లాడకపోవడం వల్ల ఇది రాదమ్మా” అన్నాడాయన మెత్తగా. “అయినా వీళ్ళు ఏ మాటనీ ఊరికే అనరు. ఏ మాట ఎక్కడ, ఎప్పుడు విన్నారో, మళ్ళీ అలాంటి సందర్భం వస్తేనే అంటారు. అది మనకి దొరకదు, అంతే.” కానర్ చూసిన ఒక పిల్లవాడి సంగతి చెప్పాడు. ఏదైనా విసరబుద్ధయినప్పుడల్లా, కుక్కని బాల్కనీలోంచి విసరొద్దని తనకి తానే చెప్పుకునేవాడట. అక్కడ కుక్కా లేదు, బాల్కనీ లేదు. ఎప్పుడో ఇంగ్లండులో ఉండగా బొమ్మకుక్క విషయంలో విన్న మాటని తల్లి గుర్తుపట్టి చెప్పాకే డాక్టర్లకి అర్థమైంది.

ముసలమ్మ మూతి తిప్పుకుంది. “బాల్కనీలు, కుక్కలు! మా ఇంట్లో సందర్బాలకేటి లోటు? తల్లే నోరిప్పదంటంటే.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కిటికీకి అట్టలు కొట్టి ఉన్న గది. ఎవరి మొహాలూ కనబడటం లేదు.

బల్ల కింద గుంటడు ‘టక్’ అని నోటితో స్విచ్చి ఆర్పాడు. ఆపైన తల్లి గొంతుతో, ఆ గొణుగుడుతోనే, మాట మాట విడివిడిగా అన్నాడు.

“నాకన్నా ఒక్కరోజు ముందల ఈణ్ణి తీసుకెలిపో తల్లీ.”

ఒక ఆవలింత తీశాడు. అదీ ఆమెదే.

జనరేటరు అందుకుంది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. ముసలమ్మ చెయ్యి కోడలి మోచేతి మీద ఉంది. ఎప్పుడు వేసిందో ఆవిడకే తెలిసినట్టు లేదు. సైకాలజిస్టు కలం ఆ ప్రశ్న దగ్గరే ఉంది. గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు ఏదో అనబోయి మానేశాడు. ఫారం ఉంది, బయట వరస ఉంది, అడగక తప్పదు.

“అమ్మా, ఈ మాట... ఎప్పుడెప్పుడు?”

“రోజూ, బాబూ” అంది తల్లి.

ఆయన ఐదు వేశాడు.